కొల్లేటి సీమలో లోహము: పదము, పదార్థము, జలము

దేశచరిత్ర వ్రాయువారు రాజులను, యుద్ధములను, దానములను పేర్కొందురు. ఆ దానములు చెక్కబడిన రాగిరేకును గూర్చి మాటాడువారు తక్కువ. శాసనపాఠమును పరిష్కరించువానికి రేకు కేవలము ఆధారమాత్రము. రసాయనజ్ఞునకు అక్షరములు కేవలము గీతలు. ఈ ఇరువురి నడుమ నొక విషయము మిగిలిపోయినది. తెలుగువారు లోహమును ఎట్లు ఎరిగిరి, దానిని ఏయే పేర్లతో పిలిచిరి, ఆ ఎరుక నేటి విజ్ఞానమునకు ఎంత దగ్గర, ఎంత దూరము అనునది ఆ విషయము. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి పరిసరములను క్షేత్రముగా గైకొని దీనిని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఇది కేవలము పురావస్తు కుతూహలము గాదు. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున సంభవించిన వ్యాధి సందర్భమున రెండు లోహముల పేర్లు ఇంటింట మారుమ్రోగినవి. ఆనాడు మన భాష మనకు ఎంతవరకు తోడ్పడినదను ప్రశ్నయే ఈ రచనకు మూలము.

1. రాగిరేకు

ఏలూరికి ఉత్తరమున సమీపమున నున్న పెదవేగియే ప్రాచీన వేంగీపురము. క్రీ.శ. నాలుగైదు శతాబ్దులలో సాలంకాయనులు అచట రాజ్యము చేసిరి. ఆ వంశమునకు చెందిన విజయదేవవర్మ ప్రాకృతశాసనము ఏలూరి రేకులని ప్రసిద్ధము. నందివర్మ శాసనములలో నొకటి కొల్లేటి పేరనే వ్యవహృతమగుచున్నది. సర్ వాల్టర్ ఇలియట్ సేకరణలోని ఆ రేకులను ఫ్లీటు పండితుడు 1876 లో ప్రకటించెను. బర్నెలు తన దక్షిణదేశ లిపిశాస్త్రగ్రంథమున వేంగీలిపికి ప్రత్యేకస్థాన మొసగెను. తెలుగు కన్నడ లిపుల పూర్వరూపమును గుర్తించుటకు ఈ రేకులు ఎంతటి ఉపకారము చేసినవో భాషాచరిత్ర విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇచట అడుగదగిన ప్రశ్న యేమన, రాగియే యేల? తాటియాకు చెదలకు లోబడును. వస్త్రము నానును. ఇనుము ఈ తడినేలలో కొలదికాలముననే తుప్పుపట్టి పొరలుపొరలుగా రాలిపోవును. రాగి అట్లు గాదు. గాలి, తేమ సోకగానే దాని పైతలమున సన్నని పొర యేర్పడి, లోపలి లోహమునకు తానే కవచమగును. ఇనుపతుప్పు సచ్ఛిద్రమై లోనికి దారి యిచ్చును; రాగిచిలుము దట్టమై దారి మూయును. పదునారు శతాబ్దుల తరువాత గూడ అక్షరము చదువనగుటకు ఇది ముఖ్యహేతువు. దానపత్రమునందు ఆచంద్రార్కమను మాటను వ్రాసినది కవియైనను, దానిని నిజము చేయ యత్నించినది కంసాలి యెన్నుకొన్న లోహమే.

రాగికి మరియొక గుణము గలదు. అత్యల్పముగా నీట కరగిన రాగి సూక్ష్మజీవులను చంపును. స్విట్జర్లాండు దేశీయుడైన నేగెలి ఈ గుణమును పరిశీలించి దానికొక పేరు పెట్టెను. ఆతని రచన 1893 లో వెలువడినది. అతిసార కారకములైన బాక్టీరియాను కలిపిన నీటిని రాగిపాత్రలో పదునారు గంటలుంచిన అవి నశించినట్లు 2012 లో వెలువడిన భారతీయ పరిశోధన నిరూపించినది. రాత్రి రాగిచెంబున నీరు పోసి ఉదయమున త్రాగు ఆచారము మన యిండ్లలో ప్రాతదే. ఐనను ఆచారము శాస్త్రమును ముందే ఎరిగినదని మనము గర్వించుట తొందరపాటు. ఆచారము ఫలమును ఎరిగినది. కారణమును గాని, పరిమితిని గాని ఎరుగదు. పులుసు అదే పాత్రలో నిలువయుంచిన విషమగునని గుర్తించి, లోపల కళాయి పూయించినవారు మాత్రము పరిమితిని సైతము అనుభవమున కనుగొన్నవారు. ఆ కళాయి తగరపు పూత. ఆ మాట అరబ్బీనుండి ఉర్దూద్వారా మనకు వచ్చినది.

2. పదములు

లోహముల పేర్లను పరిశీలించిన మన సంపర్కచరిత్ర యెల్ల కానవచ్చును. ఇనుము ద్రావిడపదము, తమిళపు ఇరుంబు దీనికి సోదరము. ఉక్కు కన్నడాంధ్రములకు సామాన్యము. సీసము సంస్కృతసమము. కంచు సంస్కృత కాంస్యశబ్దభవము. తుత్తునాగము అను దక్షిణదేశపదము పోర్చుగీసు వర్తకుల నోటబడి ఐరోపాభాషలకు చేరినదని పండితుల యభిప్రాయము. నికెలు, అల్యూమినియము, మాలిబ్డినము ఆధునికకాలమున వచ్చిన అతిథులు.

అంతకంటె ముఖ్యమైన అంశ మొకటి గలదు. తెలుగుభాష లోహమునకే గాక, లోహము పొందు ప్రతి యవస్థకును వేరువేరు పేర్లు పెట్టినది. రాగి వేరు, దానిపై చిలుము వేరు, మైలతుత్తము వేరు. ఇనుము వేరు, తుప్పు వేరు, అన్నభేది వేరు. సీసము వేరు, సిందూరము వేరు. పాదరసము వేరు, ఇంగిలీకము వేరు. తుత్తునాగమునుండి వచ్చునది పాలతుత్తము. రసాయనశాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న మైలతుత్తము రాగి సల్ఫేటు, అన్నభేది ఇనుప సల్ఫేటు, పాలతుత్తము జింకు సల్ఫేటు. ఈ పదములను వాడిన వైద్యునకు, అద్దకపువానికి, కంసాలికి ఒక సత్యము స్పష్టము: లోహమొకటియైనను రూపము మారిన గుణము మారును. రాగిచెంబు నీరు త్రాగువాడు మైలతుత్తమును నోట వేసికొనడు.

విద్యార్థులకు ఇచట నొక హెచ్చరిక యవసరము. గంధకమునకు లాటినులోని పేరు సంస్కృత శుల్బారి శబ్దమునుండి పుట్టినదని పలువురు వ్రాయుచుందురు. శుల్బమనగా రాగి; రాగికి శత్రువు గావున గంధకము శుల్బారి. భావము రమ్యమే. గంధకము రాగిని నల్లబరచుటయు నిజమే. కాని ధ్వనిసామ్యము తప్ప వేరు నిదర్శనము చూపబడలేదు. సామ్యమును సాక్ష్యముగా గైకొనుట లోహవిషయమున గూడ ఎంతటి ప్రమాదమునకు దారితీయునో ముందు చూపెదను.

3. అద్దకపు కుండలో లోహము

కొల్లేటికి దక్షిణమున పెడన, మచిలీపట్టణము కలంకారీ యద్దకమునకు జగత్ప్రసిద్ధములు. ఈ అద్దకమునందు రంగును వస్త్రమునకు బంధించునది లోహమే. చిరివేరు కషాయము పటికతో గూడినచోట ఎరుపగును. పటికలోని అల్యూమినియము ఒకవంక నూలుపోగును, మరియొకవంక రంగుకణమును పట్టి, నడుమ ముడియగును. పటిక లేనిచోట రంగు ఉదుకులో పోవును.

నల్లరంగు విధానము మరింత విచిత్రము. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీట వేసి కుండలో కొన్నిదినములు పులియబెట్టుదురు. దీనినే కసీంకారమందురు. బెల్లమును సూక్ష్మజీవులు ఆమ్లముగా మార్చును. ఆ యామ్లము ఇనుమును కరగించును. కరగిన ఇనుము కరక్కాయరసముతో తడిసిన వస్త్రముపై పడినంతనే నల్లనగును. కరక్కాయ, అన్నభేది కలిపి చేయు సిరాలోని రహస్యము నిదియే. ఒక కుండలో సూక్ష్మజీవి, లోహము, నూతనపదార్థము మూడును కలసి పనిచేయుచున్నవి. నేడు విశ్వవిద్యాలయములలో మూడు శాఖలుగా బోధింపబడు విషయము అద్దకపువాని పెరటిలో నొక్కటిగనే యుండెను. అతడు సూక్ష్మజీవిని చూడలేదు. కాని కుండ ఎన్నిదినములు కదలింపరాదో, వాసన ఎట్లు మారినప్పుడు కారము పక్వమైనదో ఎరిగియుండెను.

4. ఉక్కు పాఠము

మచిలీపట్టణపు రేవు చరిత్రను తడవినప్పుడు తెలంగాణపు ఉక్కును విస్మరింపరాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కాచిన ఉక్కుకై పారసీక వర్తకులు వచ్చెడివారని వాయిసీ అను శాస్త్రజ్ఞుడు వ్రాసెను. ఆతని రచన 1832 లో ప్రచురితమైనది. ఐరోపీయులు దీనిని ఊట్జు అనిరి. ఆ మాట ఉక్కు శబ్దపు వికృతి. లండనులో పియర్సను 1795 లో దీనిని వర్ణించెను. తరువాత మైకేలు ఫారడే దీని రహస్యమును ఛేదింపగోరి యినుముతో వివిధలోహములను కలిపి పరీక్షించెను. 1998 లో వెర్‌హోవెను మున్నగువారు ఆ ఖడ్గములపై తరగచాలు ఏర్పడుటకు వెనేడియము వంటి లోహములు అతిస్వల్పముగా నుండుటయే హేతువని ప్రతిపాదించిరి. 2006 లో జర్మనీ శాస్త్రజ్ఞులు అట్టి ఖడ్గమొకదానియందు కార్బను నానోనాళములను కనుగొనిరి.

దీనినుండి గ్రహింపదగినది ప్రాచీనులకు నానోవిజ్ఞానము తెలిసియుండెనని గాదు. పదివేలలో నొక భాగమంత యున్న లోహము పదార్థస్వభావమును మార్చగలదనియు, దానిని తూచలేని పనివాడు ఖనిజపుగనిని మార్చక, మూసవిధిని తప్పక, ఆ ఫలమును కాపాడుకొనెననియు గ్రహింపవలెను. గని మారిన, మార్గము మూసికొనిన, విద్య అంతరించును. అట్లే అంతరించినది గూడ.

నేడు తాడేపల్లిగూడెమున 2015 లో ఆరంభమైన జాతీయ సాంకేతికవిద్యాలయమున లోహ, పదార్థశాస్త్రశాఖ గలదు. ఉక్కు అను మాటను లోకమునకిచ్చిన భాషలో ఆ శాఖకు తగిన పాఠ్యగ్రంథములు వెలయునా యనునది మన శాఖవారే ఆలోచింపదగిన విషయము.

5. ఉత్ప్రేరకము

తాను వ్యయముగాక, చర్యను మాత్రము త్వరితము చేయు పదార్థమును ఉత్ప్రేరకమందుము. పెండ్లి కుదిర్చి తాను పీటలపై కూర్చొనని పెద్దమనిషివంటిది. ఈ సీమ యార్థికజీవితమును రెండు లోహోత్ప్రేరకములు మార్చినవి.

మొదటిది ఇనుము. 1909 లో హేబరు గాలిలోని నత్రజనిని హైడ్రోజనుతో కలిపి అమ్మోనియాను చేసిచూపెను. బాషు, మిట్టాషులు చవుకయైన ఇనుమునకు ఇతరపదార్థములను స్వల్పముగా చేర్చి, దానిని పరిశ్రమకు యోగ్యము గావించిరి. 1913 లో జర్మనీలోని ఓపౌ కర్మాగారము పనిచేయ నారంభించెను. గోదావరీ కృష్ణా డెల్టాలలో చల్లబడు యూరియా ఆ వంశములోనిదే. ఇదే కార్యమును పొలములోని నీలిఆకుపచ్చ నాచు వేడిమి గాని, ఒత్తిడి గాని లేకయే చేయును. దాని యెంజైమునందును ఇనుము, మాలిబ్డినము గలవు.

రెండవది నికెలు. సబాట్యే దానిచే ద్రవ్యములకు హైడ్రోజనును చేర్చు పద్ధతిని కనుగొని 1912 లో నోబెలు బహుమతి నందెను. నార్మను 1902 లో ద్రవతైలమును గడ్డకట్టించు విధానమునకు హక్కును పొందెను. మనదేశమున వనస్పతి పుట్టుక యిదియే. తాడేపల్లిగూడెము 1960 తరువాత నూనెల పరిశ్రమకు పేరుగాంచినది. ఈ విధానము సగముననే నిలిపివేయబడినప్పుడు హృదయమునకు కీడుచేయు ట్రాన్సుకొవ్వులు పుట్టునని తరువాత తేలెను. 2022 నుండి మనదేశమున ఆహారతైలములలో వాని పరిమితి నూటికి 2 పాళ్లు. పామాయిలు స్వభావముచేతనే సగము గడ్డకట్టునది గావున నికెలు సాయము అంతగా కోరదు. ఆ పంటకు జాతీయ పరిశోధనకేంద్రము 1995 లో పెదవేగిలోనే స్థాపింపబడుట విశేషము. సాలంకాయనుల రాజధానిలో నేడు పరీక్షింపబడునది తాళజాతివృక్షమే; కాని దాని యాకు వ్రాతకు గాదు, పండు నూనెకు.

నికెలును గూర్చి మరియొక మాట. పొలమున చల్లిన యూరియాను నేలలోని సూక్ష్మజీవులు యూరియేజు అను ఎంజైముచే విడగొట్టి పైరుకు అందించును. సమ్నరు 1926 లో తమ్మజాతి గింజలనుండి దీనిని స్ఫటికరూపమున వేరుచేసెను. దానియందు నికెలు గలదని 1975 లో తేలెను. అనగా ఈ సీమలో వరిపొలము పచ్చబడుటకు నికెలు ఎక్కడనో అదృశ్యముగా పనిచేయుచునే యున్నది.

6. భీమవరమునుండి నీలవర్ణము

కొల్లేటికి సమీపమున భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు వైద్యవిద్యాలయమున ఫిస్కెతో కలసి 1925 లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డినపు లవణమును చేర్చి, తగిన ద్రవ్యముచే క్షయింపజేసిన నీలవర్ణము పుట్టును. నీలిమ ఎంత గాఢమో, భాస్వరము అంత అధికము. ఈ పద్ధతియే వారిని ఫాస్ఫోక్రియాటిను, ఏటీపీ అను జీవశక్తిద్రవ్యముల యావిష్కరణకు కొనిపోయెను.

1962 లో మర్ఫీ, రైలీలు ఈ మాలిబ్డిననీలపు సూత్రముననే జలపరీక్షకు అనువగు పద్ధతిని కూర్చిరి. నేడు సరస్సుల నీటిలో ఎరువుల భాస్వరమెంత చేరినదో తెలిసికొనుటకు లోకమంతటను దానిని వాడుచున్నారు. కొల్లేటిలో గుర్రపుడెక్క యేల పెరుగుచున్నదను ప్రశ్నకు సమాధానమిచ్చు పరీక్షలో, ఆ కొల్లేటి చేరువనే పుట్టిన యొక తెలుగువాని పూర్వకృషి ఇమిడియున్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలియును?

7. కొల్లేటి అడుసు

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి దీనిలో పడును. ఉప్పుటేరు దీనిని సముద్రమునకు కలుపును. క్రీ.శ. 634 నాటి ఐహోలు శాసనమున పులకేశి యుద్ధము చేసిన కునాలజలము ఇదియేయని కీల్‌హారను నిర్ణయించెను. పది అడుగుల మట్టమున దీని విస్తీర్ణము సుమారు 901 చదరపు కిలోమీటర్లు. ఐదడుగుల మట్టములోని 308 చదరపు కిలోమీటర్లు 1999 లో అభయారణ్యముగా ప్రకటింపబడినవి. 2002 లో దీనికి రామ్‌సార్ గుర్తింపు లభించెను. చేపలచెరువులు విస్తరించి సరస్సును క్రమ్ముకొనగా, 2006 లో ప్రభుత్వము అభయారణ్యములోని చెరువుగట్లను తెగగొట్టించెను.

నలువైపులనుండి పొలముల నీరు, పట్టణముల మురుగు, కర్మాగారముల వ్యర్థజలము మోయు కాలువలు దీనిలో కలియుచున్నవి. వానితోపాటు లోహములును వచ్చును. వచ్చిన లోహము ఏమగును? అడుసును త్రవ్విన నల్లగనుండి కుళ్లినగ్రుడ్డు వాసన కొట్టుట బెస్తలకు నిత్యానుభవము. గాలి సోకని అడుగున కొన్ని బాక్టీరియాలు సల్ఫేటును శ్వాసించి సల్ఫైడును విడుచును. బెయెరింకు 1895 లో వీనిని మొదట గుర్తించెను. ఆ సల్ఫైడు ఇనుముతో గూడి నల్లనగును. సీసము, రాగి, తుత్తునాగములను సైతము బంధించి అడుగున నిలుపును. సరస్సు తన విషమును తానే గొంతున నిలుపుకొను నీలకంఠుడని చెప్పవచ్చును. కాని ఈ బంధము శాశ్వతము గాదు. అడుసు ఎండి, గాలి సోకిన, సల్ఫైడు మరల సల్ఫేటగును; బద్ధమైన లోహము నీటికి దిగును. కావున కొల్లేటి నీటిమట్టమును గూర్చిన వివాదము కేవలము భూమివివాదము గాదు. మట్టము తగ్గుట అడుగునున్న యరను తెరచుటయే.

సూక్ష్మజీవులు ఎల్లపుడు రక్షకములని గూడ తలంపరాదు. జపానులోని మినమాటలో 1956 లో బయల్పడిన వ్యాధికి కర్మాగారము విడిచిన మిథైలు పాదరసము కారణము. అడుసులోని సూక్ష్మజీవులు సామాన్యపాదరసమును సైతము అదే ఘోరరూపమునకు మార్చగలవని 1969 లో స్వీడను శాస్త్రజ్ఞులు చూపిరి. లోహమొకటే, రూపము మారినది. మన పూర్వులు వేరువేరు పేర్లు పెట్టుటలోని వివేకము ఇచట స్ఫురించును.

8. 2020 డిసెంబరు

2020 డిసెంబరు 5 వ తేదీన ఏలూరులో జనులు హఠాత్తుగా మూర్ఛిల్లి పడిపోయిరి. కొలదిదినములలో ఆరువందలకు పైగా ఆసుపత్రికి చేరిరి. పలువురు స్వల్పకాలముననే కోలుకొనిరి. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ రక్తపరీక్షలలో సీసము, నికెలు కనబడినవని తెలిపెను. అంతట పత్రికలలో, వీధులలో భారలోహములను మాట నిండిపోయెను. నీరు త్రాగుటకు భయము, పాలు త్రాగుటకు భయము. పదిదినముల పిమ్మట, వివిధ సంస్థల నివేదికలను పరిశీలించి, పురుగుమందుల యవశేషములే ప్రధానకారణము కావచ్చునని నిపుణులు అభిప్రాయపడిరి.

రక్తమున సీసము కనబడుట యసత్యము గాదు, ఉపేక్షింపదగినదియు గాదు. సీసము దేహమున మెల్లమెల్లగా పేరుకొని, ముఖ్యముగా పిల్లల బుద్ధివికాసమును చెరచును. 2000 వరకు మన పెట్రోలులోనే దానిని కలిపిరి. కాని ఒక్కరాత్రి వందలమందిని పడగొట్టి మరునాడు విడిచిపెట్టుట దాని సహజలక్షణము గాదు. కనబడినది వేరు, కారణము వేరు. శుల్బారి విషయమున ధ్వనిసామ్యమును సాక్ష్యమనుకొన్నట్లే, ఇచట సహస్థితిని కారణమనుకొనిరి. భారలోహమను ఒక్కమాట ఈ పొరపాటునకు తోడయ్యెను. ఏ లోహము, ఏ రూపమున, ఎంత, ఎంతకాలముగా అను నాలుగు ప్రశ్నలను ఆ మాట మ్రింగివేసెను. చిలుమును, తుత్తమును, సిందూరమును విడదీసి చెప్పిన భాషకు, ఆపత్కాలమున మిగిలినది అనువాదపు సమాసమొక్కటి.

9. ఉపసంహారము

ఇంతవరకు చూచినదానిని సంగ్రహించిన ఇట్లు తేలును. రాగి అక్షరమును కాపాడినది, సూక్ష్మజీవిని చంపినది. ఇనుము అద్దకమునకు నలుపును, డెల్టాకు ఎరువును ఇచ్చినది. నికెలు నూనెను గడ్డకట్టించినది, నేలలో యూరియాను కరగించినది, ఒకనాడు ఊరిని భయపెట్టినది. మాలిబ్డినము భాస్వరమును చూపినది. లోహము తానుగా అమృతమును గాదు, విషమును గాదు. రూపము, పరిమాణము, సాంగత్యము దాని గుణమును నిర్ణయించును. మన ప్రాతపదములు ఈ మూడింటిలో రూపమును చక్కగ గుర్తించినవి. పరిమాణమును అనుభవమాత్రమున గుర్తించినవి. సూక్ష్మజీవుల సాంగత్యమును ఎరుగనేలేదు. కావున ప్రాతమాటలతోనే పని జరుగునని గాని, వానిని పారవైచి అనువదించిన మాటలతో సరిపెట్టుకొందమని గాని చెప్పజాలము.

పరిశోధకులకు ఇందు చేయదగిన కార్యము గలదు. కంసాలి, కళాయివాడు, అద్దకపువాడు, బెస్త వాడుకొను లోహపదములను, నీటిరంగుల పేర్లను, అడుసు వాసనల పేర్లను ఊరూరను సేకరింపవలెను. రసాయనశాస్త్ర శాఖలవారితో కూర్చుండి ప్రతిపదమునకు ద్రవ్యమేదో నిర్ణయింపవలెను. కళాయిపోసి బ్రతుకువారు అరుదైనారు. స్టీలుగిన్నె వచ్చిన పిదప వారి మాటకు వినువారు లేరు. మరల ఏనాడైన ఏలూరున ఒక తల్లి, బిడ్డ త్రాగు నీటిలో ఏమున్నదని యడిగినప్పుడు, ఆమెకు తెలుగులో ఖండితముగా సమాధానము చెప్పగల స్థితి మనకుండవలెను. ఆ బాధ్యత రసాయనజ్ఞునిది మాత్రమే గాదు, మనదియును.